గ్రౌండ్ సంగతి తర్వాత, ముందైతే ఒక గుట్ట ఇయ్యుండ్రి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మన జిల్లా ఎడిషన్‌ల మీరు పిల్లలకు ఆడుకునే గ్రౌండ్లు లేవు, ఉన్న ఒకటి రెండు కూడా మీటింగులకు, పటాకుల దుకాణాలకు, పొద్దున పూట వాకింగ్ చేసే మా అసుంటోళ్లకే సరిపోతున్నయి అని రాసిన్రు. అక్షరాల నిజం. ఊర్లల్ల క్రీడా ప్రాంగణం అని బోర్డు పాతిన జాగల గడ్డి మోకాలెత్తు పెరిగి బర్లు మేస్తున్నయి, అది కూడా అందరికీ తెలిసిందే. కాని మీ వ్యాసం మొత్తం చదివినంక నాకు ఒకటే అనిపించింది, ఆట అంటే చదును చేసిన నాలుగెకరాల జాగ, చుట్టు గోడ, గోడకో గేటు, గేటుకో తాళం, గింతేనా అని. చదును జాగ అస్సలే అక్కర్లేని, చదునుంటే పనికే రాని ఆట ఒకటుంది, దానికి కావల్సిన సరుకంతా వరంగల్, హన్మకొండ చుట్టు రెడీగ పడి ఉంది, దాని గురించి చెప్దామనే ఈ ఉత్తరం. జర పొడుగైతది, మీకు జాగ సరిపోకపోతే కట్ చేసుకోండ్రి గని గుట్ట సంగతి మాత్రం ఉంచుండ్రి.

ఆట పేరు క్రాస్ కంట్రీ మౌంటెన్ బైక్ రేస్. పేరు వినంగనే మనోళ్లకు హిమాలయాలన్న యాదికొస్తయి, లేకపోతే దుమ్ము లేపుకుంట గాల్లకు ఎగిరే మోటర్ సైకిళ్లన్న. రెండూ కాదు. కాళ్లతోని తొక్కే సైకిలే, కాకపోతే టైర్లు వెడల్పు, ముందల సస్పెన్షన్, గట్టి డిస్క్ బ్రేకులు, ఎక్కుడుల కాలు తేలికయ్యే గేర్లు ఉంటయి. గుట్ట మీద, గుట్ట చుట్టు నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల బాట ఒకటి తయారు చేస్తరు, అది తిరిగి తిరిగి మొదలైన కాడికే వస్తది, అదొక ల్యాప్. అందరు ఒక్కసారే బయలెల్లుతరు, చెప్పిన ల్యాపులు ముందల ఎవరు పూర్తి చేస్తే వాళ్లు గెలిచినట్టు, మార్కులు లేవు, జడ్జీలు లేరు, సెలెక్షన్ కమిటీ లేదు. ఇంటర్నేషనల్ లెవెల్ పెద్దోళ్ల మెయిన్ రేసు గంటా ఇరవై నిమిషాల నుంచి గంటా నలభై నిమిషాల దాక నడుస్తది, పిల్లలకు, మా అసుంటి వయసు మళ్లినోళ్లకు తక్కువ. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఇది ఒలింపిక్ ఆట, అంటే ముప్పై ఏండ్ల సంది ఉన్న ముచ్చటే, మన దాక రాలే అంతే.

నేను రైల్వేల పనిచేస్త, కాజీపేటల ఉంట, నలభై దాటినోళ్ల కేటగిరీల రేసులకు పోత. గెలుస్త అని చెప్తలేను, మధ్యల ఎక్కడో వస్త. రేసు ఎక్కడో హైదరాబాద్ చుట్టుపక్కలనో, బెంగళూరు దిక్కో ఉంటది, శుక్రవారం డ్యూటీ దిగి సైకిల్ చక్రాలు ఊడదీసి అట్ట డబ్బాల పెట్టి రైలెక్కుడు, ఆ డబ్బా ఏంది, ఇంత పొడుగేంది అని టీసీ గారి ప్రశ్నలు, సోమవారం పొద్దున వచ్చి మళ్ల డ్యూటీ. రైల్వేల పనిచేసేటోడినే నాకే ఇంత తిప్పలైతే, పరకాల నుంచో నర్సంపేట నుంచో ఒక పదో తరగతి పిలగాడు పోవాల్నంటే ఎట్ల పోతడు. ఒక రేసుకు ప్రయాణం, లాడ్జి, ఎంట్రీ ఫీజు కలిపితే వాళ్ల నాయిన నాలుగైదు రోజుల కూలి ఒడుస్తది. ఆట ఖరీదైంది కాదు సార్, దూరం ఖరీదైంది.

వీకెండ్ రేసు ఎట్లుంటదో జర చెప్త, ఎందుకంటే ఇది తెలిస్తేనే మన దగ్గర ఎంత సులువో అర్థమైతది. శనివారం పొద్దున ఎవ్వరు జోరుగ తొక్కరు. సగం మంది సైకిల్ దిగి బాటంతా నడుస్తరు. ఏ రాయికి ఏ పక్క నుంచి పోవాలె, ఏ మలుపుల మొరం జారుతుంది, ఎక్కడ చెట్టు వేర్లు అడ్డం ఉన్నయి, ఎక్కడ ముందున్నోణ్ని దాటే సందుంది, అన్ని చూసి మనసుల పెట్టుకుంటరు. నడుమెత్తు బండ ఒకటి ఉందనుకోండ్రి, దాని మీదికెళ్లి కిందికి దిగేటప్పుడు పిర్ర సీటు ఎనుకకు జరగాలె, బ్రేకు మీద ఒక్క వేలే ఉండాలె, మోచేతులు బిగబట్టొద్దు, చూపు ముందు చక్రం కాడ కాదు, బండ దిగినంక వచ్చే మలుపు మీద ఉండాలె. చక్రాన్ని చూసినోడు పడుతడు. ఎక్కుడుల దీనికి రివర్స్, సీటు ముక్కు మీదికి జరిగి, ఛాతీ హ్యాండిల్ దిక్కు వంచాలె, లేచి నిలబడి తొక్కితే ఎనుక చక్రం ఉత్తగనే గిర్రున తిరుగుతది గని సైకిల్ కదలదు, మరీ ఎనుక కూసుంటే ముందు చక్రం లేస్తది. వదులు మొరం ఎక్కుడుల ఈ రెండింటి నడుమ నాలుగు వేళ్ల జాగ ఉంటది, ఆ జాగల కూసొని తొక్కుడే విద్య. ఇది ఎవరో కోచ్ చెప్తే రాదు, గుట్ట ఎక్కీ దిగీ రావాలె.

శనివారం సాయంత్రం చాలా కాడ షార్ట్ ట్రాక్ అని చిన్న రేసు పెడతరు. బాట రెండు కిలోమీటర్లకు మించదు, రేసు ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు, అంతే, కాని ఆ ఇరవై నిమిషాలు గుండె గొంతులకొస్తది. వరల్డ్ కప్ రేసులల్ల అయితే ఈ షార్ట్ ట్రాక్‌ల ఎన్నో నంబర్ వచ్చిన్రన్న దాన్ని బట్టే మెయిన్ రేసుల ముందు వరసల ఎవరు నిలబడాల్నో తేలుతది. ముందు వరసకు ఎందుకంత విలువ అంటే, స్టార్ట్ కాడ బాట వెడల్పు ఉంటది, కొంచెం దూరం పోయినంక ఒక్క సైకిల్ పట్టే కాలిబాట వస్తది, దాన్ని సింగిల్ ట్రాక్ అంటరు, ఎనుక ఉన్నోళ్లు అక్కడ ట్రాఫిక్ జామ్‌ల ఇరికినట్టే, సైకిల్ చేతుల పట్టుకొని నిలబడాలె, ముందున్నోడు అప్పటికే కంటికి కనపడడు. అందుకే మొదటి రెండు నిమిషాలు అందరు పిచ్చిలేసినట్టు తొక్కుతరు, దానికి మొత్తం రేసుల వడ్డీ కట్టుకోవాలె. రోడ్డు సైక్లింగ్‌ల అయితే ఎవని ఎనుకనో దాక్కొని గాలి తప్పించుకోవచ్చు, ఇక్కడ గుట్ట ఎక్కుతుంటే గాలి ఎక్కడిది, ఎవని బరువు వాడే మోసుకోవాలె.

ఇంకొక రూల్ ఉంది, నాకు బాగ నచ్చుతది. సైకిల్ మధ్యల చెడిపోతే చెడగొట్టుకున్నోడే బాగు చేసుకోవాలె, లేకపోతే బాట పక్కన పెట్టిన టెక్నికల్ జోన్ దాక ఈడ్చుకొచ్చి అక్కడ మనోళ్ల సాయం తీసుకోవాలె, బాట మధ్యల వేరేటోళ్లు వచ్చి చెయ్యి పెట్టొద్దు. నీళ్ల బాటిల్ కూడా ఫీడ్ జోన్‌లనే అందుకోవాలె. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల ఇంగ్లండ్ పిలగాడు టామ్ పిడ్‌కాక్‌కు రేసు మధ్యల టైరు పంచరైంది, టెక్నికల్ జోన్‌కు వచ్చి చక్రం మార్పించుకునే వరకు ముందున్నోళ్లు దూరమైపోయిన్రు, అయినా ఒక్కొక్కణ్నే పట్టుకుంట పోయి ఆఖరి ల్యాప్‌ల ఫ్రాన్స్ రైడర్‌ను దాటి గోల్డ్ కొట్టిండు. ఆడోళ్ల గోల్డ్ అదే ఒలింపిక్స్‌ల ఫ్రాన్స్‌కే చెందిన పొలీన్ ఫెరాన్ ప్రెవోకు వచ్చింది, ఆమెనే 2025ల ఆడోళ్ల టూర్ ద ఫ్రాన్స్ కూడా గెలిచింది. గుట్టల మీద నేర్చుకున్న కాళ్లు రోడ్డు మీద కూడా పనికొస్తయని చెప్పుడుకు ఇది చాలు.

ఇగ నేను చెప్పదల్చుకున్న అసలు సంగతి. ఆ పారిస్ రేసు జరిగింది ఎక్కడనుకుంటున్నరు? ఎలాంకూర్ అనే గుట్ట మీద. ఎత్తు 231 మీటర్లు, పారిస్ చుట్టుపక్కల ప్రాంతంల అదే అన్నిటికంటే ఎత్తైన జాగ. అది దేవుడు ఇచ్చిన గుట్ట కూడా కాదు, ఒకప్పుడు ఇసుకరాయి తీసిన క్వారీ, తర్వాత మట్టి, చెత్త, కూలగొట్టిన బిల్డింగుల రాళ్లు తెచ్చి పోస్తే ఎత్తు పెరిగిన దిబ్బ. క్వారీ మీద చెత్త పోసి, చెత్త మీద మట్టి కప్పి, దాని మీద ఒలింపిక్స్ పెట్టిన్రు. మడికొండ డంపింగ్ యార్డు మీద రేసు పెట్టమని నేను అంటలేను, ఆ వాసనకు మొదటి ల్యాప్‌లనే సగం మంది దిగిపోతరు. కాని గ్రానైట్ తీసి, లీజు అయిపోయి, వదిలిపెట్టిన గుట్టలు కరీంనగర్ నుంచి మన దాక ఎన్ని లేవు? బండ కోసినంక మిగిలిన ముక్కలు, మట్టి దిబ్బలు, లారీలు తిరిగిన బాట, ఇవన్నీ అక్కడ అట్లనే పడి ఉంటయి. ఎవ్వరికి అక్కరకు రాని జాగ, పంట పండదు, ఇల్లు కట్టరాదు, బర్లు కూడా పోవు. అసుంటి ఒక్క గుట్టను రెవెన్యూ వాళ్లు జిల్లా క్రీడల శాఖకు రాసిస్తే చాలు, ఎక్కుడు ఉంది, దిగుడు ఉంది, రాయి ఉంది, మొరం ఉంది, ఒక నెల రోజులు పారలు, గడ్డపారలు పట్టుకొని పది మంది పనిచేస్తే నాలుగు కిలోమీటర్ల బాట తయారైతది. లారీలు తిరిగిన వెడల్పు జాగ స్టార్ట్‌కు సరిపోతది. సిమెంటు అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు, గేటు అయితే అస్సలు వద్దు.

క్వారీ అనంగనే నాకు భయం కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. క్వారీ గుంతలల్ల నీళ్లు నిండి, ఈతకు పోయిన పిల్లలు మునిగిన వార్త ఎండకాలం వస్తే మీ పేపర్లనే చదువుతం. బాట వేసేది గుంత అంచుల కాదు, గుంతకు దూరంగ ఉన్న వాలు మీద, గుంత చుట్టు ముండ్ల కంచె కొట్టినంకనే మొదటి సైకిల్ పోవాలె. నిజానికి ఈ ఆట పుణ్యాన ఒక గుంతకన్న కంచె పడితే అదే పదివేలు.

ఎక్కడ పెట్టొద్దో కూడా చెప్తున్న, మా సైకిళ్లోళ్లల్ల కొందరికి కోపమొచ్చినా సరే. ధర్మసాగర్ అవతల ఇనుపరాతి గుట్టలు చూస్తే మాకు నోరూరుతది, కాని అది అడవి, దాన్ని అడవి లెక్కనే ఉండనియ్యాలె. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, అక్కడ సైకిల్ రేసు ఏంది. రేగొండ దిక్కు పాండవుల గుట్టల బండల కింద ఆదిమానవుల రంగు బొమ్మలున్నయి, అక్కడ తాళ్లు కట్టి బండలెక్కేటోళ్లు వస్తరు, వాళ్లు నెమ్మదిగ ఒక్కొక్కరే ఎక్కుతరు, మేం వంద సైకిళ్లతోని పోయి దుమ్ము లేపితే ఆ బొమ్మలేం కావాలె. గుళ్లున్న గుట్టల జోలికి కూడా వద్దు, పద్మాక్షి గుట్ట అయితే మొత్తానికే వద్దు. అందుకే నేను అడిగేది ఎవ్వరికి అక్కర్లేని గుట్టను.

మన నేలకు తగ్గట్టు కొన్ని ముచ్చట్లున్నయి, బయటి నుంచి వచ్చేటోళ్లకు తెలియవు. మొదటిది పల్లేరుగాయ. చెలకల పెరిగే ఈ కాయ ఏ పక్కకు పడ్డా ఒక ముల్లు పైకే చూస్తది, మామూలు ట్యూబ్ టైరు అయితే కాలిబాట మీద పది నిమిషాలు ఆగదు. సర్కారు తుమ్మ ముల్లు ఇంకో లెక్క, పొడుగ్గ లోపటికి దిగి అక్కడే విరుగుతది. దీనికి మందు ట్యూబ్‌లెస్ టైరు, లోపల తెల్లగ పాల లెక్క సీలెంట్ పోస్తరు, ముల్లు గుచ్చుకుంటే ఆ సీలెంట్ చిమ్ముకుంట వచ్చి బొక్కను మూస్తది, చక్రం రెండు చుట్లు తిరిగే వరకు గాలి ఆగుతది. గుచ్చుకున్న కాయను రేసు మధ్యల పీకొద్దు, అట్లనే తొక్కుకుంట పోవాలె, ఇంటికొచ్చినంక పీకాలె. ఇంకొకటి, ఆ సీలెంట్ మామూలుగ రెండు మూడు నెలలు పనిచేస్తది, మన ఎండలకు ముందే ఎండిపోయి లోపల రబ్బరు ముద్దలైతది, షేక్ చేసి చూస్తే చప్పుడు రాకపోతే అయిపోయినట్టే. గాలి సంగతి కూడా, మనిషి బరువును బట్టి ఇరవై పీఎస్ఐ అటు ఇటు చాలు, అంత మెత్తగ ఉంటేనే టైరు రాయిని పట్టుకుంటది. మా గల్లీ పంచర్ షాపన్నకు ఇది ఎంత చెప్పినా నచ్చదు, గింత మెత్తగ ఉంటే ఎట్ల తొక్కుతవే అని యాభై దాక కొడతడు, నేను మలుపు తిరిగినంక సగం తీసేస్త.

రెండోది మట్టి. రేగడి భూమిల వాన పడ్డనాడు సైకిల్ తొక్కినోళ్లకు చెప్పనక్కర్లేదు, చక్రానికి ఫ్రేముకు మధ్యల మట్టి కూరుకుపోయి చక్రం తిరగదు, భుజాన వేసుకొని మోసుకొచ్చుడే. మొరం గుట్టకు ఆ బాధ లేదు, వాన వెలిసినంక నీళ్లు దిగిపోతయి, జెప్పన ఆరుతది. అంటే ఏందంటే, బాట గుట్ట మీదనే ఉండాలె, చెరువు కట్ట కింద పొలాల మధ్య పెడితే ఫోటోలకు బాగుంటది గని రేసుకు పనికిరాదు.

మూడోది ఎండ. మార్చి దాటినంక మన దగ్గర రేసు పెట్టుడంటే పిల్లల్ని దవాఖానకు పంపుడే, ఏప్రిల్ మే నెలలల్ల బండ మీద చెయ్యి పెట్టరాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక నాలుగు నెలలు మనకు బంగారం లాంటి కాలం. అది కూడా పొద్దున ఏడు గంటలకు మొదటి రేసు విడవాలె, పదకొండు లోపల ఆఖరిది అయిపోవాలె. ఇక్కడనే నాకు పెద్ద అనుమానం. మన దగ్గర ఏ సైకిల్ ర్యాలీ పెట్టినా ముఖ్య అతిథి గారు తొమ్మిదిన్నరకు వస్తరు, అప్పటి దాక పిల్లలు టీషర్టులు వేసుకొని ఎండల నిలబడతరు, తర్వాత ఇద్దరు ముగ్గురు మాట్లాడతరు, అందరికంటే ముందు అతిథి గారే సైకిలెక్కి ఫోటో దిగుతరు, తర్వాత జెండా ఊపుతరు. పెండ్లికి ముహూర్తం ఎట్లనో రేసుకు స్టార్ట్ టైం అట్ల, దాటితే ఇగ అది వేరే ప్రోగ్రాం. నాయకులను పిలవద్దని అంటలేను, ప్రైజులు ఇచ్చే టైంకు పిలవండ్రి, వాళ్లకూ నిద్ర సరిపోతది.

సైకిళ్ల ఖరీదు గురించి అడుగుతరు, అడగాలె కూడా. రేసుకు గట్టిగ నిలబడే సైకిల్ కొత్తది కొనాలంటే యాభై అరవై వేల నుంచి మొదలు, పైకి పోతే లక్షలే. షాపుల పది పన్నెండు వేలకు ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్ అని అమ్మేవి చూడడానికి అట్లనే ఉంటయి, లావు టైర్లు, ముందల స్ప్రింగులు, రంగు రంగుల స్టిక్కర్లు, కాని ఇనుప ఫ్రేము, ఎత్తితే పదిహేను పదహారు కిలోలు, బ్రేకు వైర్ సాగుతది. కొన్నిటి మీద అయితే ఎగుడు దిగుడు బాటల దూకొద్దని కంపెనీ వాళ్లే స్టిక్కర్ వేస్తరు. అయితే మాత్రం పిల్లల్ని ఆపుదామా? ఈ ఆట పుట్టిందే పాత సైకిళ్ల మీద. అమెరికాల కాలిఫోర్నియా గుట్టల మీద 1976ల కొందరు పోరగాండ్లు ముప్పై నలభై ఏండ్ల నాటి బరువు సైకిళ్లను పైకి తీసుకపోయి కిందికి పందెం తోలిన్రు, ఒక్క దిగుడుకే ఎనుక బ్రేకుల గ్రీజు కాలి పొగ వచ్చేదట. మనం కూడా స్థానిక రేసుల ఓపెన్ కేటగిరీ అని ఒకటి పెట్టాలె, ఏ సైకిల్ అయినా రావచ్చు, హీరో సైకిల్ అయినా సరే, రెండే చూడాలె, బ్రేకులు రెండు పనిచేస్తున్నయా, తలకు హెల్మెట్ ఉందా. పెద్ద బండలున్న కాడ పక్కనుంచి సులువు తొవ్వ ఒకటి విడిచిపెట్టాలె, టైం ఎక్కువ పడుతది గని పడరు, పెద్ద రేసులల్ల కూడా ఇట్ల రెండు లైన్లు ఉంటయి.

దెబ్బలు తాకవా అంటే తాకుతయి. మోకాళ్లు, మోచేతులు గీరుకుపోవుడు మామూలు, చెయ్యి ఆనిచ్చి పడితే భుజం కాడి కాలర్ బోన్ విరుగుతది, ఈ ఆటల ఎక్కువ విరిగే బొక్కల్ల అదొకటి. అందుకే అంబులెన్స్ లేకుండ రేసు మొదలు పెట్టొద్దు, కష్టమైన ప్రతి దిగుడు కాడ విజిల్ పట్టుకొని ఒక మనిషి నిలబడాలె, ఎవరన్న పడితే ఎనుక వచ్చేటోళ్లను ఆపాలె. హన్మకొండ చుట్టు పెడితే ఎంజీఎం దవాఖాన దగ్గరే కాబట్టి మనకు ఆ భరోసా ఉంది, ఎక్కడో అడవిల పెడితే అది కూడా ఉండదు.

టైమింగ్‌కు లక్షల మిషన్లు కావాల్నని కొందరు భయపెడతరు. యాభై అరవై మంది రేసుకు ఒక నోట్‌బుక్, రెండు స్టాప్‌వాచీలు, సైకిల్ ముందల నంబర్ ప్లేటు, లైన్ కాడ కండ్లు ఆర్పకుండ కూసునే ఇద్దరు మనుషులు చాలు. ఒకరు నంబర్ చదువుతరు, ఇంకొకరు టైం రాస్తరు. బాగ ఎనుకబడ్డోణ్ని ముందున్నోడు వచ్చి దాటేలోపే పక్కకు తీసేస్తరు, 80 శాతం రూల్ అంటరు దాన్ని, అది పెద్ద రేసులల్ల. మన దగ్గర పిల్లల రేసులకు ఆ రూల్ వద్దని నా అభిప్రాయం, ఆఖరి పిలగాడు కూడా గీత దాటాలె, లేకపోతే రెండోసారి రాడు.

కేరళోళ్లు ఏం చేసిన్రో చూడుండ్రి. 2023 అక్టోబర్‌ల ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ తిరువనంతపురం పక్కన పొన్ముడిల పెట్టిన్రు, పారిస్ ఒలింపిక్స్‌కు పోవాలంటే ఆసియా దేశాలోళ్లకు అదొక మెట్టు. చాలా ఆసియా దేశాలోళ్లు ఒక టీ తోటల గుట్ట మీదికి వచ్చిన్రు. మనం ఆసియా పోటీలు అడుగుతలేం, జిల్లా పిల్లల పోటీ అడుగుతున్నం. హైదరాబాద్‌ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు పైన సోలార్ కప్పు వేసి సైకిల్ ట్రాక్ కట్టిన్రు, 2023ల మొదలైంది, మంచి పనే, నేను కూడా తొక్కిన. వరంగల్‌కు ఆ కప్పు వద్దు, ఆ ట్రాక్ వద్దు, దాని ఖర్చుల ఏ మూలకో సరిపోయే పైసలతోని మాకు గుట్ట బాట అయితది.

పిల్లలున్నరా అంటే, ఉన్నరు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి దీప్తి జీవాంజి పోయి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల పరుగుల కంచు పతకం తెచ్చింది. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014ల, పదమూడేండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, ఆమె మొదట నేర్చుకున్నది భువనగిరి బండ మీద. ఆ బండను ఎవరూ కట్టలే, అక్కడ నేర్పెటోళ్లుంటే చాలైంది. మా తమ్ముని బిడ్డ తొమ్మిదో తరగతి, పాత గేర్ల సైకిల్ మీద మా ఇంటెనుక మొరం దిబ్బ నాకంటే జోరుగ ఎక్కుతది, పెద్దనాయినా నువ్వు పక్కకు జరుగు అని అరుస్తది, మర్యాద లేదు అని వాళ్ల అమ్మ కోప్పడుతది. ఆమెకు ఈ ఏడాది రేసు ఉందా అంటే హైదరాబాద్ తీసుకపోవాలె, ఆడపిల్లను రెండు రోజులు ఎవరెంట పంపుదుమని ఇంట్ల చర్చ. అదే రేసు హన్మకొండల ఉంటే పొద్దున పోయి మధ్యాహ్నం అన్నం టైంకు ఇంటికొస్తది, చర్చే ఉండదు. ఆడపిల్లలు ఈ ఆటకు ఎందుకు తక్కువొస్తున్నరు అని మీటింగులల్ల మాట్లాడే పెద్దలు ఈ ఒక్క సంగతి చూస్తే చాలు.

కలెక్టర్ గారు, క్రీడల అధికారి గారు ఈ ఉత్తరం చదివితే నేను అడిగేది ఇదే. వదిలేసిన ఒక క్వారీ గుట్ట, గుంతకు కంచె, చలికాలంల నెలకు ఒక శని ఆదివారం, ఒక అంబులెన్స్. బాట మేమే తవ్వుకుంటం, తుమ్మ కంప మేమే కొడతం, ఎన్ఐటీల, కాకతీయ యూనివర్సిటీల చదివే సైకిళ్ల పోరగాండ్లు చాలామంది ఉన్నరు, పిలిస్తే పరిగెత్తుకొస్తరు. ప్రైజులు కూడా పెద్దవి వద్దు, గెలిచిన పిల్లకు ఒక మంచి టైరు ఇస్తే కప్పు కంటే ఎక్కువ పనికొస్తది.

మీకు కూడా ఒక మాట. రేసు జరిగిననాడు ఫోటో వేసి సాహసం అని ఫీచర్ పేజీల పెట్టకుండ్రి, స్పోర్ట్స్ పేజీల పెట్టుండ్రి, పిల్లల పేర్లు, ఊర్లు, టైములు చిన్న అక్షరాలల్ల అయినా సరే అన్నీ వేయండ్రి, ఆఖరి పేరు దాక. ఇంకా మీ రిపోర్టర్‌కు వీలైతే ఒక ఆదివారం పంపుండ్రి, మా కండ్లల్ల ఉన్న మూడు గుట్టలు నడిపించి చూపెడతం, బాట ఎట్ల పోతదో చేతితోని గీసి చెప్తం. చెప్పులు కాదు, బూట్లు వేసుకొని రమ్మనుండ్రి. పొద్దున ఆరున్నర కల్లా కాజీపేట చౌరస్తాల ఉండాలె.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాజీపేట, హన్మకొండ జిల్లా